గ్యారేజీ పనిముట్ల ఖర్చు: భార్యాభర్తలు ఒక మాట మీదికి రావడం ఎలా

పనిముట్ల దగ్గర గొడవ మొదటి డబ్బా ఇంటికొచ్చిన రోజున రాదు, రెండో డబ్బా వచ్చినప్పుడు వస్తుంది. రంపం మెషీన్ కొన్నారు, సరే. వారం తిరగకుండా దానికి ఇంకో బ్యాటరీ, ఆ తర్వాత మంచి బ్లేడు, నెలాఖరుకు క్లాంపులు, ఆపైన గీత తప్పకుండా కోయడానికి గైడ్ రైలు. కొన్నవారి మనసులో ఇదంతా ఒకే కొనుగోలు. ఇంట్లో రెండోవారి లెక్కలో ఐదు కొనుగోళ్లు, అందులో నాలుగు తనను అడగకుండా జరిగినవి. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. లెక్కలే వేరు.

ఆ రెండు లెక్కల్ని ఒకే కాగితం మీదికి తెచ్చే పద్ధతి ఇది. కొనాలనుకునేది భర్త కావచ్చు, భార్య కావచ్చు. అందుకే ఇక్కడ ఒకరిని 'కొనేవారు' అని, మరొకరిని 'రెండోవారు' అని అంటున్నాం. రెండు వారాంతాలు కేటాయిస్తే మొత్తం పూర్తవుతుంది. వరుస మాత్రం మార్చకండి, ముఖ్యంగా ఆ డబ్బు ఎక్కడినుంచి తీయాలన్న మాట 6వ అంచె కంటే ముందు ఎత్తకండి.

1. ఉన్నవేమిటో తేల్చుకోండి

ఇది ఇద్దరూ కలిసి చేయాల్సిన పని. రెండోవారు ఒక్కరే చేస్తే సోదా చేసినట్టుంటుంది, కొనేవారు ఒక్కరే చేస్తే సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టుంటుంది. రెండు మూడు గంటలు పెట్టుకోండి. గ్యారేజీ నేల మీద పాత దుప్పటి పరిచి, సొరుగుల్లోవి, కారు డిక్కీలోవి, వంటింటి అరలో దాక్కున్న స్క్రూడ్రైవర్లతో సహా అన్నీ దాని మీద పెట్టండి. నాలుగు కుప్పలు చేయండి: గడిచిన 12 నెలల్లో వాడినవి, వాడనివి, పాడైనవి, ఒకటికి రెండు ఉన్నవి. ఎవరి దగ్గరో తెచ్చి తిరిగి ఇవ్వనివి బయటపడితే ఆ వారమే ఇచ్చేయండి.

నోట్‌బుక్‌లో ఒక్కో వస్తువుకు ఒక్కో వరుస చాలు. పేరు, సైజు, కరెంటుతో నడిచేదా బ్యాటరీతోనా, బ్యాటరీ అయితే ఎన్ని వోల్టులు, ఇప్పుడు నడుస్తోందా లేదా. కొన్న ధర రాయకండి. ఈ రోజు అమ్మితే ఎంత వస్తుంది, మళ్లీ కొనాలంటే ఎంతవుతుంది, ఈ రెండే రాయండి. పోయిన డబ్బు ఇకపై తీసుకునే నిర్ణయానికి అక్కరకు రాదు, పైగా కొన్న ధర కంటబడిందంటే మాట పాత గొడవల మీదికి మళ్లుతుంది. ఖరీదైన మెషీన్లకు సీరియల్ నంబరు కనబడేలా ఫోటో తీసిపెట్టుకోండి. దొంగతనం జరిగినప్పుడు ఫిర్యాదుకు, బీమాకు ఆ ఫోటోయే ఆధారం.

ఈ కుప్పల దగ్గర ఇద్దరికీ చెరొక సంగతి అర్థమవుతుంది. మూడు కొలత టేపులూ నాలుగు ఒకే సైజు స్క్రూడ్రైవర్లూ ఉండి, బోల్టులు తిప్పే 10 మిల్లీమీటర్ల సాకెట్ మాత్రం ఒక్కటీ లేదని కొనేవారు చూస్తారు. ఇన్నాళ్లూ ఇంటి పనులన్నీ బిట్టును పట్టి ఉంచే చక్ అరిగిపోయి బిట్టు జారిపోతున్న ఒకే ఒక్క డ్రిల్లు మీద నడిచాయని రెండోవారు చూస్తారు. ఈ రెండూ మాటల్లో ఎంత చెప్పినా ఎక్కవు.

2. వస్తువుల జాబితా కాదు, పనుల జాబితా రాయండి

'నాకు ఇంపాక్ట్ డ్రైవర్ (స్క్రూలు గట్టిగా బిగించే మెషీన్) కావాలి' అన్న మాటకు అవును, కాదు అని రెండే జవాబులు. 'వర్షాలు మొదలయ్యేలోపు వెనకవైపు చెక్క మెట్లు బాగుచేయాలి' అన్న మాటకు పది జవాబులు ఉంటాయి. అందుకే రాబోయే 12 నెలల్లో ఇంట్లో, బండికి, పెరట్లో చేయాల్సిన పనులన్నీ విడివిడిగా ఇద్దరూ రాయండి, తర్వాత కలపండి. ప్రతి పనికి ఎప్పటికల్లా, ఎవరికి ఎక్కువ అవసరం, సొంతంగా చేయగలమా అన్న మూడు సంగతులు చేర్చండి.

రెండోవారు అడిగిన పనులు జాబితాలో కనీసం సగం ఉండాలని మా పట్టుదల. కొత్తగా కొన్న పనిముట్టు మొట్టమొదట తీర్చాల్సింది రెండోవారు ఎప్పటినుంచో అడుగుతున్న పనినే. కారే కుళాయి, ఊగే అల్మారా, సరిగ్గా మూతపడని తలుపు. కొత్త మెషీన్‌తో ముందు దానికోసమే ఒక స్టాండు, ఆ స్టాండు కోసం ఒక బల్ల చేసుకుంటూ పోతే, బయటినుంచి చూసేవారికి గ్యారేజీ తనకోసం తానే పనిచేసుకుంటున్నట్టు కనబడుతుంది.

సొంత అభిరుచి పనులు, అంటే చెక్కబొమ్మలు చేయడం, పాత బండిని తిరిగి నిలబెట్టడం లాంటివి, ఇదే జాబితాలో విడిగా ఒక గీత కింద రాయండి. వాటిని ఇంటి అవసరంగా చూపించొద్దు. అభిరుచికి ఖర్చు పెట్టడం తప్పు కాదు. ముసుగు వేసినప్పుడే అది తప్పుగా మారుతుంది.

3. ఒక్కో పనిముట్టుకు మొత్తం ఖర్చు కాగితం

అన్ని అంచెల్లోకీ ముఖ్యమైనది ఇదే, అందుకే ఒక ఉదాహరణను చివరిదాకా చూద్దాం. గుండ్రటి బ్లేడు తిరిగే చేతి కోత మెషీన్, అదే సర్క్యులర్ సా కొనాలనుకున్నారు. బ్యాటరీ లేని ఒట్టి మెషీన్ ధర 100 అనుకోండి. మిగతావన్నీ దాంతో పోల్చి రాద్దాం.

రెండు 5 ఆంపియర్-అవర్ బ్యాటరీలు, చార్జరు: 90. రెండెందుకంటే, ఒకటి చార్జవుతుండగా పని ఆగకూడదు. మెషీన్‌తో వచ్చే బ్లేడు తరచూ 24 పళ్లది, గట్టి పనికి, పొడవునా చీల్చడానికి బాగుంటుంది. దాంతో ప్లైవుడ్ అడ్డంగా కోస్తే పైపొర పెచ్చులు లేస్తుంది. కాబట్టి 165 మిల్లీమీటర్ల మెషీన్‌కు 48 పళ్ల నాణ్యమైన బ్లేడు ఒకటి, మొద్దుబారినప్పుడు మార్చడానికి 24 పళ్లది ఇంకొకటి: 25. గైడ్ రైలు: 40. చెక్క కదలకుండా పట్టే క్లాంపులు రెండు: 15. చెవులకు మఫ్‌లు, కళ్లద్దాలు, దుమ్ము మాస్కు: 15. పొట్టు లాగే వ్యాక్యూమ్ గొట్టానికి అతుకు: 5. మొత్తం 290.

ఇప్పుడు కుదించండి. పని ఎప్పుడూ గ్యారేజీలోనే, ప్లగ్ పాయింటు దగ్గరే అయితే కరెంటు మెషీన్ చాలు, బ్యాటరీల 90 పోతుంది. గైడ్ రైలు బదులు, ఫ్యాక్టరీలో తిన్నగా కోసిన అంచున్న ప్లైవుడ్ పట్టీని రెండు క్లాంపులతో బిగించి దానికి ఆనించి కోయవచ్చు, 40 పోతుంది. మిగిలింది 160. బ్లేడూ క్లాంపులూ తీసేయకండి. చవక బ్లేడుతో చెడిపోయిన ఒక ప్లైవుడ్ షీటు ధర మంచి బ్లేడు ధరను మించే సందర్భాలు చాలా ఉంటాయి. కళ్లకు, చెవులకు, ఊపిరితిత్తులకు పెట్టే సామాను ఈ బేరంలోకే రాకూడదు. అది మెషీన్ ధరలో భాగం, దాన్ని భరించలేకపోతే మెషీన్ భరించలేనట్టే.

మొదటిరోజే 160 అని కారణాలతో చెప్పడం ఒక ఎత్తు. 100 అని చెప్పింది మూడు నెలల్లో 290గా పెరగడం ఇంకొక ఎత్తు. నిజానికి రెండోవారు చాలాసార్లు 290కి కూడా ఒప్పుకుంటారు, పెరగడానికి మాత్రం ఒప్పుకోరు.

కాగితం అడుగున డబ్బు కాని ఖర్చులు మూడు రాయండి: చోటు, చప్పుడు, సమయం. 8 అడుగులకు 4 అడుగుల షీటు కోయాలంటే ఆ షీటు పరుచుకునే నేలతో పాటు చుట్టూ మనిషి తిరిగే చోటు కావాలి, అంటే కారు బయటికి తీయాలి. వాన పడుతుంటే ఆ కారు ఎక్కడ పెడతారు? ఈ ప్రశ్న కొనేవారే ముందు వేసి, జవాబు కూడా రాసి పెట్టాలి.

4. బ్యాటరీ వరస ఒక్కసారే ఎంచుకోండి, ఇద్దరూ కలిసి

వరస అంటే ఒకే రకం బ్యాటరీతో నడిచే ఒక కంపెనీ మెషీన్లన్నీ. ఒక కంపెనీ బ్యాటరీ మరో కంపెనీ మెషీన్‌కు మామూలుగా సరిపోదు. కాబట్టి మొదటి డ్రిల్లు కొన్న రోజే, తెలియకుండానే, రాబోయే పదేళ్ల కొనుగోళ్లలో సగం నిర్ణయమైపోతాయి. చిన్న కొనుగోలులా కనిపించే పెద్ద నిర్ణయం కనుక, డ్రిల్లు ధర ఎంత తక్కువైనా ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి.

డబ్బా మీద 18 వోల్టులు అన్నా, 20 వోల్ట్ మ్యాక్స్ అన్నా లోపల ఉన్నది ఒకటే: వరసగా కలిపిన ఐదు లిథియం సెల్లులు. నిండా చార్జ్ చేసినప్పుడు కొలిచే అంకె 20, పని చేసేటప్పటి సగటు 18. ఆ రెండు వోల్టుల కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. చూడాల్సింది వాట్-అవర్లు, అంటే బ్యాటరీలో మొత్తం ఎంత శక్తి పడుతుందన్న లెక్క: 18 వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వస్తుంది. 2 ఆంపియర్-అవర్ ప్యాకు 36 వాట్-అవర్లు, 5 ఆంపియర్-అవర్ ప్యాకు 90. తల పైకెత్తి చేసే పనికి చిన్నదే మేలు, బరువు తగ్గుతుంది. ఇనుము కోసే చేతి గ్రైండరు, రంపం లాంటి వాటికి పెద్దది కావాలి.

ఇక్కడ రెండోవారి వైపునుంచి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇదే బ్యాటరీతో గడ్డి కోసే ట్రిమ్మరు, ఆకులు ఊదే బ్లోయరు, చేతి వ్యాక్యూమ్, టైర్లకు గాలి కొట్టే పంపు నడుస్తాయా? అవి ఉన్న వరసను ఎంచుకుంటే ఆ ఖర్చు గ్యారేజీది కాకుండా ఇల్లంతటిదీ అవుతుంది. అది మాటకు చెప్పే సర్దుబాటు కాదు, నిజంగానే డబ్బు మిగులుతుంది, ఎందుకంటే ఈ వరసల్లో ఖరీదైన భాగం బ్యాటరీలే.

వేరే కంపెనీ బ్యాటరీ తగిలించే అడాప్టర్లు చవగ్గా కనిపిస్తాయి. చాలా వరసల్లో బ్యాటరీ మరీ ఖాళీ కాకుండా ఆపే ఏర్పాటు మెషీన్‌కూ ప్యాకుకూ మధ్య సంకేతాల మీద నడుస్తుంది. అడాప్టరు దాన్ని దాటేస్తే ప్యాకు పాడవుతుంది, వేడెక్కే ప్రమాదమూ ఉంది. అలాగే ధర తగ్గిందని ఇప్పుడే ఆరు బ్యాటరీలు కొని పెట్టుకోవద్దు. లిథియం సెల్లు వాడకపోయినా కాలంతో పాటు ముదురుతుంది. పక్కన పెట్టేవాటిని సగం చార్జితో, చల్లటి చోట ఉంచండి.

5. కొనాలా, అద్దెకా, పాతదా, పని వాళ్లకే ఇవ్వాలా

లెక్క చిన్నదే. మొత్తం ఖర్చు కాగితంలో వచ్చిన అంకెలోంచి, రెండేళ్ల తర్వాత అమ్మితే వచ్చేది తీసేయండి. మిగిలినదాన్ని ఒక రోజు అద్దెతో భాగించండి. మొత్తం 120, తిరిగి అమ్మితే 40, రోజు అద్దె 10 అనుకుంటే, 80ని 10తో భాగిస్తే 8. రెండేళ్లలో 8 రోజులకు మించి వాడతామని పనుల జాబితా చూపిస్తే కొనండి, లేకపోతే అద్దెకు తెచ్చుకోండి. రోజులు జాబితా నుంచే లెక్కపెట్టాలి, ఉత్సాహం నుంచి కాదు.

కాంక్రీటు పగలగొట్టే బ్రేకరు, నేల నున్నగా చేసే పెద్ద శాండరు, గుంతలు తవ్వే ఆగరు, నీళ్లతో నడిచే టైల్స్ కట్టరు దాదాపు ఎప్పుడూ అద్దె వస్తువులే. డ్రిల్లు, సాకెట్ సెట్టు, క్లాంపులు, రసమట్టం సొంతానివై ఉండాలి. ఒక మధ్యమార్గం ఉంది: తెలియని మెషీన్‌ను మొదట ఒక రోజు అద్దెకు తెచ్చి చూడండి. చాలాసార్లు కొనాలన్న కోరిక ఆ సాయంత్రానికే తీరిపోతుంది, లేదా ఏ సైజు కావాలో కచ్చితంగా తెలుస్తుంది. రెండూ లాభమే.

పాతవాటిలో మంచివి పోత ఇనుము బెంచ్ వైసులు, ఉలులు, చిత్రికలు, క్లాంపులు. వైసు కొనేటప్పుడు దవడలు పూర్తిగా మూసి మధ్యలో వెలుతురు సమంగా కనబడుతోందా చూడండి, పోత భాగంలో వెల్డింగ్ అతుకు ఉంటే వదిలేయండి. పాతవి కొనకూడనివి: బ్యాటరీలు, చరిత్ర తెలియని జాక్ స్టాండ్లు (పైకెత్తిన బండిని మోసే కాళ్లు), ఎయిర్ కంప్రెసర్లు. కంప్రెసర్ తొట్టిలో తేమ నిలిచి లోపలినుంచి తుప్పు పడుతుంది, బయటి రంగు చూసి అది తెలియదు. గ్రైండరు కటింగ్ డిస్కులు కూడా అంతే. మధ్య ఇనుప రింగు మీద గడువు తేదీ ఉంటుంది, రెసిన్ పాతబడితే తిరిగేటప్పుడు పగిలే ముప్పుంది. 125 మిల్లీమీటర్ల డిస్కు మీద మామూలుగా 12,250 అన్న అంకె కనిపిస్తుంది, నిమిషానికి అన్ని చుట్లకు మించి తిప్పకూడదని. పోగేసిన పాత డిస్కులు ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

పని వాళ్లకు ఇచ్చేయడం ఓటమి కాదు. ఒక్కసారి చేసే పని, తప్పితే ప్రమాదం ఉన్న పని, రెండోవారు ఈ వారమే కావాలంటున్న పని, ఈ మూడింటికీ కూలి ఇవ్వడమే సరైన ఖర్చు.

6. డబ్బు మూడు మూటలు

మొదటి మూట ఇద్దరికీ చెరొక సొంత డబ్బు. నెలకింత, అడగక్కర్లేదు, చెప్పక్కర్లేదు. సంపాదన ఎవరిది ఎంతైనా ఈ మొత్తం ఇద్దరికీ సమానంగా ఉండాలి. ఒకరిది ఎక్కువైతే, తక్కువ ఉన్నవారు రోజువారీ అవసరాలకు కూడా అనుమతి అడిగే స్థితిలో పడతారు, ఆ చేదు పనిముట్ల మీదికి మళ్లుతుంది. ఉమ్మడి ఆదాయంలో 1 నుంచి 2 శాతం దగ్గర మొదలుపెట్టి సర్దుకోవచ్చు.

రెండోది గ్యారేజీ మూట: ఇంటి పనుల కోసం ఇద్దరూ ఒప్పుకుని నెలనెలా వేసే ఉమ్మడి డబ్బు. మూడు నెలల ఇంటి ఖర్చు విడిగా దాచి ఉంటేనే ఇది మొదలుపెట్టండి. అప్పటిదాకా అద్దె, అరువు, సొంత డబ్బు మాత్రమే.

మూడోది మూట కాదు, గీత. ఈ మొత్తం దాటితే ఇద్దరూ అవునన్నాకే కొనాలి అన్న గీత. ఆ డబ్బు రేపు పోయినా ఈ నెల బిల్లులు ఏవీ ఆగవు అనిపించే అంకె దగ్గర గీయండి. ఇద్దరూ విడివిడిగా అంకె రాసి చూపించుకుంటే, సాధారణంగా చాలా తేడా వస్తుంది. తక్కువ అంకెతో ఆరు నెలలు నడిపి చూడండి.

ఈ గీతకు తూట్లు ఎక్కడ పడతాయో ముందే తెలుసు కాబట్టి, నాలుగు షరతులు రాసుకోండి. ఒకే పనికి 30 రోజుల్లో కొన్నవన్నీ కలిపి ఒకే ఖర్చు, ముక్కలు చేసి గీత కింద దూర్చకూడదు. వాయిదాల్లో కొంటే లెక్కలోకి వచ్చేది వడ్డీతో కలిపి మొత్తం, నెల కిస్తీ కాదు. బోనస్ డబ్బు, కానుకగా వచ్చిన డబ్బు కూడా డబ్బే. ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1985లో వివరించినట్టు మనిషి మనసులో డబ్బుకు పేర్లు పెట్టి వేర్వేరు డబ్బాల్లో వేస్తాడు, అనుకోకుండా వచ్చింది తేలిగ్గా ఖర్చవుతుంది. నాలుగోది మినహాయింపు: పని మధ్యలో పనిముట్టు విరిగి, నీళ్లు కారుతున్నా, తలుపు లేకుండా ఇల్లు తెరిచి ఉన్నా, గీత దాటి కొనవచ్చు, కానీ అదే రోజు చెప్పాలి.

ఒకరు చెయ్యి బిగించేవారు, ఒకరు చెయ్యి జారేవారు అయిన జంటలు చాలా ఉంటాయి. స్కాట్ రిక్, డెబొరా స్మాల్, ఎలీ ఫింకెల్ 2011లో ప్రచురించిన అధ్యయనం ఇలాంటి విరుద్ధ స్వభావాలవారు ఒకరినొకరు ఎంచుకునే ధోరణి ఉందని, డబ్బు దగ్గర వారి మధ్య గొడవలు ఎక్కువని చూపింది. కాబట్టి అంకెలు కలవకపోవడాన్ని ఎదుటివారి లోపంగా తీసుకోకండి.

7. కూర్చుని మాట్లాడండి

నలభై నిమిషాలు పెట్టుకోండి. దుకాణంలో నిలబడి కాదు, పడుకునే ముందు కాదు, ఆఫర్ ఈ రాత్రితో అయిపోతుందని ఫోన్ పట్టుకుని అసలే కాదు. ఖర్చు కాగితం ఒకరోజు ముందే రెండోవారి చేతికి ఇవ్వండి. మొదటి మాట ఎలా ఉందన్నది చాలా ముఖ్యం. కొత్తగా పెళ్లైన 124 జంటల మీద సిబిల్ కారెర్, జాన్ గాట్‌మన్ 1999లో ప్రచురించిన పరిశోధనలో, గొడవ సంభాషణ తొలి మూడు నిమిషాల తీరును బట్టే తర్వాతి ఏళ్లలో విడిపోయే జంటలను గుర్తించగలిగారు. కనుక 'నువ్వెప్పుడూ కాదనే అంటావు' అని మొదలుపెట్టొద్దు. 'వెనక మెట్లు వానలకు ముందే చేసేయాలని ఉంది. దానికి నాకు తోచిన లెక్క ఇది. ఇందులో నీకు ఏది నచ్చలేదో చెప్పు' అనండి.

రెండోవారు వద్దంటే ఆ వద్దు వెనక ఏముందో అడగండి. డబ్బు కాకపోవడమే ఎక్కువ. చోటు, చప్పుడు, దుమ్ము, దెబ్బ తగులుతుందన్న భయం, వారాంతం అంతా ఒక్కరే పిల్లల్ని చూసుకోవాల్సి రావడం, పోయిన ఏడాది సగంలో ఆగిన పని. ఒక్కోదానికి వేరే మందు.

చోటు అయితే కొలత టేపు తెండి. కారు పెట్టి, తలుపు తెరిచి దిగడానికి పక్కన కనీసం 60 సెంటీమీటర్లు వదిలి, నేల మీద రంగు టేపు అంటించండి. టేపుకు ఇవతల మాత్రమే పనిముట్లు. కొత్తది రావాలంటే టేపు దాటకుండా పట్టాలి, లేదా పాతది ఒకటి పోవాలి.

చప్పుడు అయితే గంటలు నిర్ణయించండి. సర్క్యులర్ సా చప్పుడు 100 డెసిబెల్స్ అటూ ఇటూ ఉంటుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచించిన హద్దు 85 డెసిబెల్స్‌కు 8 గంటలు, ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర 15 నిమిషాలే. చెవులకు రక్షణ లేకుండా పక్కన నిలబడే వారికీ ఇదే వర్తిస్తుంది. దుమ్ము అభ్యంతరాన్ని అతి శుభ్రం అని కొట్టిపారేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లో కలప పొడిని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. గ్యారేజీకీ ఇంటికీ మధ్య తలుపు ఉంటే దాని అడుగున రబ్బరు పట్టీ వేయించడం, పొట్టు లాగే వ్యాక్యూమ్ పెట్టడం రెండోవారి కోసం చేసే ఉపకారం కాదు, పనిలో భాగమే.

భయం అయితే దాన్ని గౌరవించండి, మెషీన్ మీద చూపించి చెప్పండి. బల్లలోంచి బ్లేడు పైకి తేలి ఉండే టేబుల్ సా అయితే బ్లేడు వెనక ఉండే చీలిక కత్తి, చెక్కను వెనక్కి ఎగరనివ్వకుండా ఆపేది, తీయకుండా పని చేస్తానని. గ్రైండరు అయితే గార్డు తీయనని. బండి కిందికి జాకీ ఒక్కదాని మీద ఆధారపడి దూరనని, జాక్ స్టాండ్లు పెట్టి చక్రాలకు అడ్డుదిమ్మలు వేస్తానని. ఇంట్లో మరొకరు లేనప్పుడు ఆ మెషీన్ నడపనని మాటిస్తే చాలామంది అక్కడే ఒప్పుకుంటారు.

పని పంపకం మాట వచ్చినప్పుడు తొందరపడి లెక్కలు చెప్పొద్దు. మైకేల్ రాస్, ఫియోరె సికోలీ 1979 అధ్యయనంలో, ఇంటి పనుల్లో తమ వాటా ఎంతని భార్యాభర్తల్ని విడివిడిగా అడిగితే ఎక్కువ జంటల్లో ఇద్దరి వాటాల మొత్తం నూటికి మించింది. అందుకే వాదన బదులు క్యాలెండర్ తీయండి: శనివారం ఉదయం నాలుగు గంటలు గ్యారేజీకి, ఆదివారం ఉదయం నాలుగు గంటలు రెండోవారికి పూర్తిగా తీరిక.

ఇక జవాబు. నాలుగే జవాబులు ఒప్పుకోండి: సరే, ఈ షరతుతో సరే, ఫలానా తేదీన మళ్లీ మాట్లాడదాం, వద్దు, ఎందుకంటే ఇది. 'చూద్దాం' అన్న మాటను ఈ సంభాషణలోంచి తీసేయండి. చెప్పినవారికి అది మర్యాదగా వద్దనడం, విన్నవారికి అది సగం సరే. వారం తర్వాత డబ్బా ఇంటికి వస్తుంది, 'నేనెప్పుడు సరేనన్నాను' అన్న ప్రశ్న దాంతోపాటే వస్తుంది.

8. కొన్న తర్వాత నెల రోజులు

సరే అనుకున్నాక కూడా మూడు రోజులు ఆగి కొనండి. డబ్బా, బిల్లు దాచండి. తిరిగి ఇచ్చే గడువు లోపల మెషీన్‌ను నిజమైన చెక్క మీద, నిజమైన బోల్టు మీద వాడి చూడండి. చేతిలో తిప్పి చూసి అరలో పెట్టేస్తే లోపం గడువు దాటాకే తెలుస్తుంది. 30 రోజుల్లో అనుకున్న పని మొదలుకాకపోతే దాన్ని అమ్మాలా వద్దా అని కొనేవారే ముందుగా మాట ఎత్తాలి.

9. ఎక్కడ బెడిసికొడుతుంది

దాచి కొనడం అన్నిటికంటే చెడ్డది. దాచింది చిన్న ఉలి అయినా, ఆ తర్వాత అరలో ఉన్న ప్రతి పాత వస్తువు మీదా అనుమానం పడుతుంది. అలా జరిగి ఉంటే ఒకేసారి మొత్తం జాబితా చెప్పేయండి. విడతలుగా బయటపడితే ప్రతి విడతకూ మొదటి దెబ్బే మళ్లీ తగులుతుంది. తిరిగి ఇవ్వగలిగినవి ఇచ్చేయండి, 90 రోజులు కొత్తవి ఆపండి.

'కూలి ఎంత మిగిల్చానో చూడు' అన్నది రెండోది. ఆ మిగిలిన డబ్బు ఎక్కడుందో ఎవరికీ కనబడదు. నిజంగా మిగిలితే పని పూర్తయిన రోజే ఆ మొత్తాన్ని ఉమ్మడి ఖాతాలోకి మార్చండి. లెక్కలో వృథా కూడా కలపండి: టైల్స్ తిన్నగా వేస్తే 10 శాతం, ఏటవాలుగా వేస్తే 15 శాతం అదనంగా తెచ్చుకోవడం మామూలు, కొత్తగా నేర్చుకునేవారికి ఇంకా ఎక్కువ పోతుంది.

ఎదుటివారికి పనిముట్టు కానుకగా ఇచ్చి, తామే వాడుకోవడం మూడోది. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, చేయకండి.

తిరగబడే సందర్భమూ ఉంది: రెండోవారు అన్నిటికీ వద్దనడం. అప్పుడు పనిముట్టు లేకపోతే జరిగే నష్టాన్ని చూపించాలి. తుప్పు పట్టిన బోల్టును 12 కోణాల సాకెట్‌తో పట్టి లాగితే అంచులు గుండ్రంగా అరిగిపోయి, ఇక డ్రిల్లు వేసి తీయాల్సి వస్తుంది. 6 కోణాల సాకెట్ బోల్టు మూలల్ని కాక చదును ముఖాల్ని పడుతుంది, అందుకే జారదు. చక్రం నట్లను అంచనాగా బిగిస్తే వదులైనా అవుతాయి, నట్టు ఎక్కే బోల్టు (స్టడ్) సాగిపోయేలానైనా అవుతాయి, బండి పుస్తకంలో ఇచ్చిన న్యూటన్-మీటర్లకు, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాలి. అరిగిపోయిన ఒక బోల్టు చేతిలో పెట్టి చూపిస్తే పది నిమిషాల వాదన తప్పుతుంది.

10. ఆరు నెలలకోసారి

నోట్‌బుక్ తీసి, గీత ఎక్కువైందా తక్కువైందా, పనులు ఎన్ని పూర్తయ్యాయి, టేపు దాటింది ఏమైనా ఉందా చూడండి. టార్క్ రెంచ్‌ను 5,000 సార్లు వాడాక గానీ 12 నెలలకు గానీ సరిచూపించాలి, పక్కన పెట్టేటప్పుడు స్కేలులో అతి తక్కువ అంకె దగ్గరికి తిప్పి ఉంచాలి. ఈ ఖర్చులు కూడా గ్యారేజీ మూటలోంచే.

వరసగా రెండుసార్లు 'వాడనివి' కుప్పలో పడినదాన్ని అమ్మండి. దుమ్ము తుడిచి, బ్యాటరీ చార్జ్ చేసి, నడుస్తున్నప్పటి చిన్న వీడియో తీసి పెట్టండి. బ్యాటరీ, చార్జరు, డబ్బా, పుస్తకం కలిపి అమ్మితే ఒట్టి మెషీన్ కంటే మంచి ధర వస్తుంది, పైగా ఇక వాడని వరస చార్జరు ఒకటి సొరుగులో మిగిలిపోదు. వచ్చిన డబ్బు అమ్మినవారి సొంత మూటలోకి కాకుండా గ్యారేజీ మూటలోకి వేసి, నోట్‌బుక్‌లో ఆ వరుసను ఇద్దరూ కలిసి కొట్టేయండి.